తాళం పడిపోయింది

మార్చి 3

వదినా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నవ్వు. మీ ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్లో పెడతాడు. నేను హలో అనేలోపే సలహా మొదలవుతుంది. అందుకని మీ ఫ్యాక్టరీకి వెళ్ళే పార్సిల్లో ఇది పెడుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

విషయం ఇది. మా డెలివరీ కంపెనీ కొత్త వ్యాన్లు కొంటోంది. వాటి వెనక తలుపులకి తాళాలు మీ ఫ్యాక్టరీ నుంచే వస్తాయట. ముందు ఒక బండికి బిగించి చూస్తారట. ఎవరి బండికి అని సూపర్‌వైజర్ అడిగితే నేను చెయ్యెత్తాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. ఇక్కడ వడ్డించేది మా వదిన.

ఇప్పుడున్నది ఎలాంటిదంటే, తాళం పెట్టి రెండు చుట్లు తిప్పాలి, హ్యాండిల్ పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో తలుపు లాగాలి. మరి పార్సిల్ పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. అది దేవుడూ ఇవ్వలేదు, కంపెనీ కూడా ఇవ్వలేదు.

మే నెలలో పరీక్ష ఉంది. ఒక్కో డ్రైవరూ సూపర్‌వైజర్ ముందు సరుకు పట్టుకుని తలుపు తీసి, పెట్టి, వేసి చూపించాలి. చేతకానివాళ్ళని బండి దింపి చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెడతారు. అన్నయ్య దృష్టిలో అది స్వర్గం. కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, పక్కనే మంచినీళ్ళు. నాకు వద్దు. ఊళ్ళో ఇన్నిళ్ళవాళ్ళు నాకోసం తలుపులు తీస్తారు. నేను తియ్యాల్సింది ఒక్క తలుపు. ఆ ఒక్కటీ తియ్యలేక కుర్చీలో కూర్చోవడం నావల్ల కాదు.

అన్నట్టు, చలికాలంలో బండి తలుపులో నలిగిన నా బొటనవేలు పూర్తిగా తగ్గిపోయింది. ఎవరడిగినా అదే చెప్పు.

బండి కడిగించడానికి ఇచ్చి గట్టుమీద కూర్చుని రాస్తున్న,
నీ ఆడపడుచు


మార్చి 9

బండమ్మాయికి,

నీకు ఈ పేరు పెట్టింది మీ అన్నయ్యే. బండి నడుపుతుంది కాబట్టి బండమ్మాయి అని బయటివాళ్ళకి చెప్తాడు. రెండో అర్థం నాకు మాత్రం చెప్పాడు.

ఈ పార్సిల్లో ఉన్నది నేను బొమ్మ గీసి చేయించిన తాళం. మా పెద్దసారుకి ఇది నచ్చలేదు. ఆయనకి ఫోన్లో నొక్కితే తెరుచుకునే తాళం కావాలి. ఫోన్లో చార్జింగ్ అయిపోతే ఏం చెయ్యాలని అడిగాను. చార్జింగ్ పెట్టుకోవాలి అన్నారు. ఎక్కడా అన్నాను. బండిలో అన్నారు. బండి తలుపు తెరుచుకోదు కదా అన్నాను. అప్పటినుంచి నాతో ముక్తసరిగా ఉంటున్నారు. నీ పరీక్షలో ఇది నెగ్గకపోతే ఫోన్ తాళమే వస్తుంది, ముందే చెప్తున్నా.

వాడకం సులువే. తలుపు తోస్తే చాలు, తాళం దానంతటదే పడుతుంది. తెరవాలంటే తాళం పెట్టి పావు చుట్టు తిప్పితే సరి. హ్యాండిల్ ఎత్తే పని లేదు. నాకు ముఖ్యంగా తెలియాల్సింది ఒక్కటే: తాళం సరిగ్గా పడుతోందా లేదా. దాచకుండా రాయి.

వేలు తగ్గినందుకు సంతోషం. మీ అన్నయ్యకి చెప్పాను. "తగ్గితే ఫొటో పెట్టమను" అన్నాడు. వినిపించనట్టు పప్పు వడ్డించాను.

నీ వదిన


మార్చి 17

వదినా,

తాళం పడుతోందా లేదా రాయమన్నావు. పడుతోంది. దాపరికం ఎందుకు, బ్రహ్మాండంగా పడుతోంది. బిగించిన రోజే పడింది. మర్నాడు పడింది. మొన్న వానలో పడితే బురదలోంచి తీసి, కడిగి, మళ్ళీ పెట్టాను. ఒకసారి పాదం మీద పడింది, పడినట్టే తెలియలేదు. అందుకని నువ్వేం కంగారు పడకు. మరీ విసుగొచ్చిన రోజు దాన్ని జేబులో వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, చుట్టుపక్కల నాలుగిళ్ళూ తిరిగి వచ్చేస్తున్నాను.

కానీ తాళం పడుతుందని నీకు ముందే ఎలా తెలిసింది? ఎవరో చెప్పి ఉండాలి. ఎవరో నేను అడగను.

మిగతా అంతా మామూలే. మూడో అంతస్తు పెద్దావిడ మళ్ళీ పిల్లి తిండి బస్తా తెప్పించింది. ఆ పిల్లి మాత్రం నాకెప్పుడూ కనబడలేదు. ఆవిడే తింటోందేమోనని మా డిపోలో ఒక అనుమానం ఉంది.

మెట్లెక్కి దిగి ఆయాసపడుతున్న,
నీ ఆడపడుచు


మార్చి 21

బండమ్మాయికి,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని పూర్తిచేశాను.

తాళం బురదలో పడిందా? పాదం మీద పడిందా? పడినట్టే తెలియలేదా? కిలోన్నర బరువమ్మా అది! ఇంకెవరి పాదం మీదైనా పడితే ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చేది. అసలు బిగించినవాడు మనిషేనా? మీ డిపో ఫిట్టరుకి వేరే కాగితం మీద నాలుగు మాటలు రాశాను, మర్యాదగానే రాశాను. మొదటి రెండూ మర్యాదగా ఉన్నాయి.

దయచేసి వీటికి జవాబులు రాయి. పడినప్పుడు ఏ చేత్తో తీశావు? మళ్ళీ పెట్టడానికి ఎవరైనా సాయం పట్టారా? దాన్ని జేబులో వేసుకున్నానని రాశావు, మీ యూనిఫాం జేబులు ఎంతున్నాయి?

నీ వదిన


మార్చి 26

వదినా,

ఎడమ చేత్తోనే తీశాను. కుడి చేతిలో పార్సిల్ ఉంటుంది కదా, అంతకుమించి కారణం ఏమీ లేదు. సాయం ఎందుకు? ఒక్కదాన్నే తీసి ఒక్కదాన్నే పెట్టాను. ఇంత దానికి మనుషుల్ని పిలిస్తే నవ్వరూ?

జేబు మామూలు జేబే. దానితోపాటు రుమాలు, పెన్ను, బిస్కెట్ పొట్లం కూడా పడతాయి.

కిలోన్నర అంటే ఏమిటో నాకర్థం కాలేదు. మీ ఇంజనీర్ల లెక్కలు వేరేమో.

ఈసారి ఇంకా తేలిగ్గా తిరిగేది పంపు. మే నెల దగ్గరికొస్తోంది.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 2

బండమ్మాయికి,

మా ఆఫీసులో ఇప్పుడు నీ పేరు మోగిపోతోంది. నీ జవాబులు నా నివేదికలో ఎక్కించాను. "వాడుతున్న డ్రైవరు తాళాన్ని ఒంటి చేత్తో, అదీ ఎడమ చేత్తో, ఎత్తి బిగించగలరు" అని రాశాను. పెద్దసారు రెండుసార్లు చదివి, అంత బలమైన చేతులుంటే స్ప్రింగ్ ఇంకా గట్టిది వేద్దాం, దొంగలకి కూడా కష్టమవుతుంది అన్నారు. నాకూ సబబుగానే తోచింది.

కొత్తది పంపుతున్నాను. నాలుగు బోల్టులు అదనంగా పెట్టాను, వెనక ఇనప పలక వేశాను. ఇది పడితే తలుపుతో సహా పడాలి తప్ప విడిగా పడదు. తిప్పడానికి కొంచెం బిగువుగా ఉంటుంది. నీకదో లెక్కా?

పాడైన ఆ పాత తాళాన్ని వెంటనే పంపించు. ఎందుకు పడుతోందో నేను విప్పి చూడాలి.

మీ అన్నయ్యకి నీ చేతుల సంగతి చెప్పాను. భోజనం మధ్యలో ఆపేశాడు. "మా చెల్లెలా?" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

గర్వంతో,
నీ వదిన


ఏప్రిల్ 10

గౌరవనీయులైన వదినగారికి,

తమరు పంపిన కొత్త తాళం అందింది. తమరి కాగితం చదివిన ఫిట్టరుగారు నాతో మాట్లాడటం మానేశారు. తాళాన్ని మాత్రం బిగించారు. దాన్ని విప్పాలంటే బండిని కొయ్యాలని చెప్పమని ఇంకొకరితో చెప్పించారు.

అది తిరగదు. నా బండిలో పార్సిళ్ళు మధ్యాహ్నం దాకా లోపలే ఉండిపోయాయి. చివరికి దారిన పోయే ఒకాయన తీసిపెట్టారు. సూపర్‌వైజర్ చూశారు. చీటీలు అంటించే బల్ల దగ్గర కొత్త కుర్చీ వేయించారు.

నా చేతుల బలం గురించి తమరి ఆఫీసంతా మోగిపోతోందని రాశారు. నవ్వుకోండి. ఆడలేక మద్దెల ఓడు అంటుందని అనుకోండి. అన్నయ్య నన్ను బండి మాన్పించమని ఏడాదిగా పోరుతున్నాడు. అది నోటితో చెప్తే నేను వినను కాబట్టి తమరి చేత స్ప్రింగుతో చెప్పిస్తున్నాడు. నాకు అర్థమైంది. తమరు మా ఇంటికి వచ్చినప్పటినుంచి నాకు అక్క లేని లోటు తీరిందని అందరికీ చెప్పుకున్నదాన్ని. అది కూడా నా పొరపాటేనని ఇప్పుడు అర్థమైంది.

తాళం పంపమన్నారు. కవర్లో పెట్టాను. తమరి తాళం తమరే ఉంచుకోండి.

ఇట్లు,
తమరి భర్తగారి చెల్లెలు


ఏప్రిల్ 14

బండమ్మాయీ,

నన్ను తమరు అన్నావు. దాని సంగతి తర్వాత చూస్తాను.

తాళం కోసం నేను లోడింగ్ గేటు దగ్గరికి ట్రాలీ తీసుకుని వెళ్ళాను. పార్సిళ్ళు తెచ్చినాయన కవరిచ్చాడు. ఇంకా ఏదైనా ఉందా అన్నాను. లేదన్నాడు. ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వచ్చి కవరు చింపాను. లోపల తాళం చెవి ఉంది.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మళ్ళీ చదివాను. పడింది చెవి. బురదలో పడింది చెవి, పాదం మీద పడింది చెవి, రుమాలుతోపాటు జేబులో ఉన్నది చెవి. తాళం కప్ప, తాళం చెవి అని మన పెద్దవాళ్ళు దేనికి దానికి శుభ్రంగా పేర్లు పెట్టారు. మనం బద్ధకించి రెంటినీ తాళం అన్నాం. తాళం పడుతోందా అని అడిగినప్పుడు నా ఉద్దేశం, తలుపు వేశాక బిగుసుకుంటోందా అని. నువ్వేమో చేతిలోంచి జారిపోతోందా అని అడిగాననుకున్నావు. గోటితో పోయేదానికి నేను గొడ్డలి పట్టాను. అదనంగా నాలుగు బోల్టులు కూడా పట్టాను.

చెవి తలకి పాత సాక్సు ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. విప్పాను. నల్లటి ప్లాస్టిక్ తల నిండా నొక్కులు. వేలితో తడిమితే తెలిసింది. ఈ చెవికి రెండు రకాల పళ్ళున్నాయి. ఒకవైపు మేం మిషన్ మీద కోసినవి, రెండోవైపు నువ్వు కొరికినవి.

నోటితో తలుపు తీస్తున్నావా?

అక్కడే అందరి ముందూ ఏడ్చాను. కంట్లో ఇనప రజను పడిందనుకుని పెద్దసారు నీళ్ళు తెప్పించారు. కడుక్కున్నాను.

మీ అన్నయ్య నాకేమీ చెప్పలేదు. నేనూ ఆయనకి ఇది చెప్పను. వేలు సంగతి ఉన్నదున్నట్టు రాయి. ఇకనుంచి మన ఉత్తరాల్లో కప్ప అంటే కప్ప, చెవి అంటే చెవి.

నీ వదిన. వదినగారు కాదు.


ఏప్రిల్ 18

వదినా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కుడి బొటనవేలు వంగదు. పిడికిలి పడుతుంది, స్టీరింగ్‌కి అది చాలు. డాక్టరు చూసి బండి నడపడానికి అభ్యంతరం లేదన్నారు, కాగితం కూడా ఇచ్చారు. బరువు మోస్తాను. కానీ సన్నటిది ఏదైనా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పడం ఇక రాదట. ఇకముందు కూడా రాకపోవచ్చట. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోవడం నేర్చుకున్నాను. చెవి మాత్రం ఎడమ చేత్తో తిప్పితే కుడి చేతిలో పార్సిల్ జారుతుంది, కుడి చేత్తో తిప్పితే చెవి జారుతుంది. రెండూ జారకూడదంటే మిగిలింది నోరే. ఎవరూ చూడకుండా అటు తిరిగి తీసేదాన్ని. ఈ గట్టి కప్ప పళ్ళకి కూడా లొంగక, రోజూ దారిన పోయేవాళ్ళని బతిమాలి తీయించుకుంటున్నాను. మూడో అంతస్తు పిల్లి ఒకసారి చూసింది. పిల్లి ఉంది వదినా, నిజంగానే ఉంది.

నీకెందుకు చెప్పలేదంటే, నీకు చెప్తే అన్నయ్యకి తెలుస్తుంది, అన్నయ్యకి తెలిస్తే వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. భయం వేసింది. అంతే.

తమరు అన్నందుకు సిగ్గుగా ఉంది. మర్చిపో. నువ్వు మర్చిపోవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

పరీక్ష మే 6న. ఆ సాక్సు అన్నయ్యదే, పోయినసారి వచ్చినప్పుడు వదిలేసి వెళ్ళాడు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 24

బండమ్మాయికి,

చెవిని తీసిపారేశాను. కొత్త కప్పకి చెవి లేదు.

ఎలా తట్టిందో చెప్తాను, ఎవరితోనూ అనకు. ఆదివారం మీ అన్నయ్య రెండు చేతులా తడిబట్టల బకెట్లు పట్టుకుని బాల్కనీ తలుపు తీశాడు. బకెట్ కింద పెట్టలేదు. ఎలా తీశాడా అని మళ్ళీ తీయమన్నాను. నడుముతో తోశాడు. ఇంకోసారి అన్నాను. బకెట్లు బరువుగా ఉన్నాయన్నాడు. ఇంకోసారి అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను రోజూ వంటింట్లో ఫ్రిజ్ తలుపు వేసేది కూడా నడుముతోనే. పొద్దస్తమానం చేతుల గురించి ఆలోచించేదాన్ని ఆఫీసులో, ఇంట్లో మాత్రం చేతుల్ని నమ్ముకోను.

టేపు తెచ్చి ఆయన నడుము నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. కొత్త ప్యాంటు కుట్టిస్తున్నాననుకుని తిన్నగా, కదలకుండా నిలబడ్డాడు. నడుము చుట్టుకొలత కూడా తనే చెప్పాడు, కాస్త తగ్గించి చెప్పాడు. మనసొప్పక అన్ని కొలతలూ రాసుకున్నాను.

ఇప్పుడు వాడకం. తలుపు పక్కన పొడుగాటి పలక ఉంటుంది, పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ అందుతుంది. పార్సిల్లో ఉన్న చిన్న బిళ్ళే ఇక చెవి అనుకో, దాన్ని నీ బెల్టుకి పెట్టుకో. బిళ్ళ ఉన్న నడుముతో పలకని తడితే తలుపు వేలెడు దూరం తెరుచుకుంటుంది, తర్వాత మోచేత్తో లాగెయ్యొచ్చు. బిళ్ళ లేనివాళ్ళు ఎంత గుద్దినా తెరుచుకోదు. వేసేటప్పుడు వీపుతో తోసెయ్, కప్ప దానంతటదే పడుతుంది. బిగుసుకుంటుంది అని అర్థం.

పెద్దసారుకి చూపించాను. ఇది తాళమా నాట్యమా అన్నారు. రెండు చేతుల్లో రెండు ఫైళ్ళు పెట్టి ఆయన్నే తీసి చూడమన్నాను. తీశారు. గదిలో ఇంకెవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి మళ్ళీ తీశారు.

ఫిట్టరుగారికి క్షమాపణ రాసి పెట్టాను, ఇచ్చెయ్యి.

నీ వదిన


ఏప్రిల్ 29

వదినా,

ఫిట్టరు నీ కాగితం చదివి కరిగిపోయాడు. పాతది కోసి తీసి కొత్తది బిగించాడు.

తలుపు తెరుచుకుంటోంది! రెండు చేతుల నిండా పార్సిళ్ళతో వెళ్ళి తట్టాను, తెరుచుకుంది. అక్కడే నిలబడి మూసి, తెరిచి, మూసి, తెరిచాను. మొదటి ఇంటికి ఆలస్యంగా వెళ్ళి తిట్లు తిన్నాను. ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను.

ఒక్క చిక్కు. టీ తాగుతూ బండికి ఆనుకున్నాను. తెరుచుకుంది. పిల్లి తిండి బస్తా వచ్చి నా వీపు మీద పడింది. పార్సిల్ కోసం వచ్చిన ఒకాయన పలకరిస్తే ఇటు తిరిగాను, తెరుచుకుంది. నాకు చేరబడే అలవాటుంది వదినా. అన్నయ్యని అడుగు, చిన్నప్పటినుంచీ ఉంది. పరీక్ష రోజున సూపర్‌వైజర్ మాట్లాడుతుండగా దానంతటది తెరుచుకుంటే నా పని అయిపోయినట్టే. ఇంకా వారమే ఉంది.

నీ ఆడపడుచు


మే 2

బండమ్మాయికి,

రెండుసార్లు తట్టాలి. ఒకసారి తడితే ఊరుకుంటుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ తలుపులు అలాగే కొడతావు కదా. నీ తలుపు కూడా నువ్వు కొడితేనే తెరుచుకోవాలి.

చిన్న ముక్కే మార్చాలి, ఫిట్టరుకి బొమ్మ గీసి పంపుతున్నాను.

నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. ఇది పోతే పెద్దసారు ఫోన్ తాళం వస్తుందన్న బెంగ ఒకటి ఉంది కానీ, నిజానికి అందుకు కాదు. నిన్ను ఆ కుర్చీలో ఊహించుకోలేకపోతున్నాను.

మీ అన్నయ్యకి పరీక్ష సంగతి ఎలాగో తెలిసింది. నేను చెప్పలేదని ఒట్టు. ఇంటివాళ్ళ నంబరు సరిచూడటానికి మీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడట, అదీ స్పీకర్లోనే. ఆ రోజు అటు వస్తానంటున్నాడు. ఆపలేకపోయాను. ప్యాంటు ఎప్పుడొస్తుందని కూడా అడుగుతున్నాడు.

నీ వదిన


మే 6

వదినా,

పరీక్ష అయింది. వరసగా చెప్తాను, మధ్యలో ఆపకు.

డిపో ముందర సూపర్‌వైజర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఒళ్ళో కాగితాలు. మేమంతా వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చింది. రెండు పెద్ద పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎత్తుకున్నాను. ఎదురుగా ఏముందో కూడా కనబడలేదు. బండి దగ్గరికి వెళ్ళి రెండుసార్లు తట్టాను. తెరుచుకుంది. మోచేత్తో లాగాను, పెట్టెలు లోపల పెట్టాను, వీపుతో తోశాను. పడింది. కప్ప.

ఆయన అప్పుడు పెన్ను మూత వెతుక్కుంటున్నాడు. చూడలేదట. మళ్ళీ చెయ్యమన్నాడు. పెట్టెలు బయటికి తీసి, ఎత్తుకుని, మళ్ళీ తట్టాను. ఈసారి నోరు తెరుచుకుని చూశాడు. కాగితంలో ఏదో గడి ఉంది, అది నింపాలిగా. "చేతులెలా ఉన్నాయి?" అన్నాడు.

పెట్టెల వెనకనుంచి, "ఖాళీగా లేవండీ" అన్నాను.

అదే రాసుకున్నాడు. నేను నెగ్గానని, కొత్త వ్యాను ఒకటి నాకేనని చెప్పాడు. మిగతా డ్రైవర్లందరూ నా బిళ్ళ అడిగి తీసుకుని తలా ఒకసారి తట్టి చూశారు. ఫిట్టరు మాత్రం నాలుగుసార్లు తట్టాడు. కొత్త బండ్లన్నిటికీ ఇదే కావాలని అక్కడే కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు, మీ పెద్దసారుకి రేపు అందుతుంది.

ఇక అన్నయ్య. గేటు దగ్గర నిలబడి అంతా చూశాడట. అందరూ వెళ్ళాక వచ్చి, నా పెట్టెలు రెండూ తను ఎత్తుకుని నేను చేసినట్టే వెళ్ళి తట్టాడు. తెరుచుకోలేదు. గట్టిగా తట్టాడు. తెరుచుకోలేదు. "నీకు తెరుచుకుంది, నాకెందుకు తెరుచుకోదు?" అన్నాడు. "బిళ్ళ నా దగ్గరుందన్నయ్యా" అన్నాను. అది విని కూడా ఇంకోసారి తట్టాడు. పలక అంచు తగిలి ప్యాంటు జేబు పర్రున చిరిగింది.

పెట్టెలు కింద పెట్టి, చెయ్యి చూపించమన్నాడు. ఇంక దాచి ఏం చెయ్యను, చూపించాను. వేలు వంచబోయాడు. వంగలేదు. ఇంకోసారి మెల్లిగా వంచబోయి వదిలేసి, చెయ్యి మాత్రం వదల్లేదు. సలహా వస్తుందని ఎదురుచూశాను. కుర్చీ, ఫ్యాను, మంచినీళ్ళు, అన్నిటికీ జవాబులు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ అడగలేదు. "నొప్పిగా ఉందా?" అన్నాడు. లేదన్నాను. "తలుపు తియ్యి" అన్నాడు.

నేను తీశాను. అన్నయ్య పెట్టెలు ఎక్కించాడు.

ఇవాళ్టి ఇళ్ళన్నీ నాతోపాటే తిరిగాడు వదినా, ఆ చిరిగిన జేబు ఒక చేత్తో మూసుకుని. మూడో అంతస్తు దాకా బస్తా తనే మోశాడు. పిల్లిని కూడా చూశాడు.

అన్నయ్యకి ఒక ప్యాంటు కుట్టించు. కొలతలు ఎలాగూ నీ దగ్గరున్నాయి.

నీ బండమ్మాయి